పది దాటిన రష్యన్ రైఫిల్

ఈ వ్యాసాన్ని మన తెలుగు సంఘం పత్రికకు ఇప్పటికి మూడుసార్లు పంపాను. మొదటిసారి జవాబే లేదు. రెండోసారి "అందింది, ధన్యవాదాలు" అని వచ్చింది. అది కంప్యూటర్ తనంతట తాను పంపే జవాబని మా అమ్మాయి చెప్పింది. మూడోసారి సంపాదకులే గుళ్లో పులిహోర లైన్లో కనబడి, "తుపాకుల గురించి కదండీ, పండగ సంచికలో బాగుండదు" అన్నారు. మన పత్రికలో పండగ సంచిక కానిది ఏదో ఆయన చెప్పలేదు. ఈసారి వేస్తామన్నారు, సంతోషం. మూడేళ్లు ఎందుకు వేయలేదో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

తుపాకుల మీద ప్రేమతో రాస్తున్నది కాదిది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదివితే వాళ్లకేమైనా పనికొస్తుందని ఒక ఆశ. రెండో కారణం నా సొంతం, దాచను. నేను పనిచేసిన ఒక కంపెనీలో నా ఫైల్లో ఒక వార్నింగ్ లెటర్ ఉంది. చట్టానికి విరుద్ధంగా నేను ఒక రైఫిల్ బిగించానని అందులో రాశారు. నేను రిటైరయ్యాను. ఆ కంపెనీ చేతులు మారింది. ఆ రైఫిళ్లు అమెరికాకి రావడమే ఆగిపోయింది. లెటర్ మాత్రం ఉంది. దాని వల్ల నా సిటిజన్‌షిప్ ఫారం ఏడు నెలలుగా మా డైనింగ్ టేబుల్ మీద సగం నింపి ఉంది. ఆ రోజు ఏం జరిగిందో రాసివ్వగల మనిషి ఒక్కడే మిగిలాడు. అతనూ ఈ పత్రిక చందాదారుడే.

మొదటి నుంచి చెప్తాను.

మా ఇల్లు హెర్న్‌డన్‌లో. ఆఫీసు అక్కడికి నలభై నిమిషాలు, ట్రాఫిక్ దయ తలిస్తే. ఆఫీసంటే ముందు నాలుగు గదులు, వెనక పెద్ద గోడౌన్. కంపెనీ వ్యాపారం రష్యా నుంచి వేట రైఫిళ్లు దిగుమతి చేసుకోవడం. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాణ్ణి, ప్రాజెక్టు దొరికిన చోటికి వెళ్లాను. చుట్టాలు అడిగితే "లాజిస్టిక్స్ కంపెనీ" అని చెప్పేవాణ్ణి.

ఆ రైఫిల్ పుట్టింది సైన్యం కోసం. ఏకే అని మీరు సినిమాల్లో చూసే రకమే. అదే తయారీదారులు వేటగాళ్ల కోసం దాన్ని మార్చి చేసేవారు. ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలుతుంది, మళ్లీ పేలాలంటే మళ్లీ నొక్కాలి. చేతి పిడి తీసేసి, భుజానికి ఆనించే కర్రను మామూలు వేట తుపాకీ కర్రలా పెట్టేవారు. ఆ రూపంలో ఉంటేనే అమెరికా లోపలికి రానిచ్చేది. వచ్చాక ఇక్కడ కొనేవాళ్లకు ఆ రూపం అక్కర్లేదు, మిలిటరీ రూపమే కావాలి. వీసా ఇంటర్వ్యూకి టై కట్టుకుని వెళ్లి, దిగిన సాయంత్రమే లుంగీలోకి మారినట్టన్నమాట. ఆ మార్చే పని మా గోడౌన్లో జరిగేది.

అలా మార్చడానికి ఒక చట్టం ఉంది. రైఫిల్లో లెక్కకొచ్చే భాగాల జాబితా ఒకటి ఉంది, ఇరవై పేర్లు. మిలిటరీ రూపంలో బిగించిన రైఫిల్లో ఆ జాబితాలోని విదేశీ భాగాలు పదికి మించకూడదు. పదకొండోది పడితే బిగించినవాడిది నేరం. అది ఎంత దూరం పేలుతుందని ఎవరూ అడగరు. ఏ ముక్క ఏ దేశంలో పుట్టిందన్నదే ప్రశ్న. వీసాల మీద బతికే మాకు ఈ చట్టం చప్పున అర్థమైంది.

ఆ లెక్క చూసే సాఫ్ట్‌వేర్ నేను రాశాను. ప్రతి రైఫిల్‌కూ భాగాల జాబితా, ప్రతి భాగానికీ పుట్టిన దేశం. పది దాటితే తెర ఎర్రబడుతుంది, పెట్టె మీద అంటించే లేబుల్ ప్రింట్ కాదు. ఆరేళ్లలో ఒక్క తప్పుడు లేబుల్ రాలేదు. ఈ సంగతి నా వార్షిక రివ్యూల్లో ఎక్కడా లేదు.

నాకు పైన ఒక టీమ్ లీడ్ ఉండేవాడు. మనవాడే, తెలంగాణ అబ్బాయి, నాకంటే పదకొండేళ్లు చిన్న. తెలివైనవాడు, మీటింగుల్లో బాగా మాట్లాడతాడు. నన్ను "అన్నా" అనేవాడు. ఒకసారి నేను ఏదో భాగం గురించి అభ్యంతరం చెప్తే, పదిమంది ఉన్న మీటింగులో నవ్వుతూ, "అన్నా, నువ్వు ఆరేండ్లల్ల ఒక్క రైఫిల్ ముట్టలే. స్క్రీన్ చూసి మాట్లాడుతున్నవ్" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకింకా గుర్తుంది.

అతనన్నది నిజమే. ముట్టకూడదు కాబట్టి ముట్టలేదు. మామూలు వీసా మీద ఉన్నవాడు తుపాకీ చేతబట్టకూడదని ఇక్కడి చట్టం. అందుకని గోడౌన్ నేల మీద ఒక పసుపు గీత గీసి, దాని ఇవతలే నిలబడమన్నారు. అతనికప్పటికే గ్రీన్‌కార్డు వచ్చింది, గీత దాటి తిరిగేవాడు. నేను లెక్కపెట్టే రైఫిళ్లను ఇరవై అడుగుల దూరం నుంచి చూసేవాణ్ణి.

గీతకు అవతల ఒక ముసలి తుపాకీ మెకానిక్ ఉండేవాడు, తెల్లాయన. చెవులు సరిగా వినపడవు. నన్ను "ప్రొఫెసర్" అని పిలిచేవాడు, గౌరవంతో కాదు. ఆ మీటింగు తర్వాత ఒకరోజు గీత దగ్గరకొచ్చి, "ప్రొఫెసర్, ఒక సందు ఉంది తెలుసా? వేట లైసెన్స్ ఉంటే వీసావాడు కూడా తుపాకీ పట్టుకోవచ్చు" అన్నాడు.

"నేను గుడ్డు కూడా తినను" అన్నాను.

"లైసెన్స్ తీసుకోమన్నాను. జింకను తినమని ఎవరన్నారు?"

పంతం పట్టాను. వేటగాళ్ల భద్రతా తరగతికి వెళ్లాను. బురద బూట్లు వేసుకున్న వాళ్ల మధ్య నేనొక్కణ్ణే ఇస్త్రీ చొక్కా. పరీక్షలో ఒక్క ప్రశ్న తప్పింది, చనిపోయిన జింకను అడవిలోంచి ఎలా మోసుకురావాలన్నది. లైసెన్స్ ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఉల్లిపాయ తరిగితే కళ్లు తుడుచుకునే మనిషికి వేట లైసెన్సా? బాగుంది. గుళ్లో మాత్రం ఎవరికీ చెప్పకండి" అంది.

కాపీ ఒకటి హెచ్చార్‌కి ఇచ్చాను, నేను గీత దాటవచ్చని రాసిమ్మని. హెచ్చార్ ఆవిడ తీసుకుని "చూస్తాం" అంది. రెండుసార్లు గుర్తుచేశాను. జవాబు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. జింకల వేట సీజన్ ముందు కంపెనీ ఒక ప్రత్యేకమైన మోడల్ తయారుచేసింది. కర్రా, పిడీ అన్నీ రష్యావే ఉండాలని కస్టమర్ల కోరిక. అన్నీ రష్యావి పెడితే పది దాటుతుంది కదా, అందుకని మ్యాగజైన్ అమెరికాది పెట్టారు. మ్యాగజైనంటే తూటాలు నింపే డబ్బా. చూడ్డానికి ఒకే వస్తువు. చట్టం లెక్కలో అది మూడు: డబ్బా ఒకటి, లోపల తూటాలను పైకి నెట్టే పలక ఒకటి, అడుగు మూత ఒకటి. అమెరికన్ మ్యాగజైన్‌తో మా రైఫిల్ సరిగ్గా పది. గీత మీద కాలి బొటనవేలు ఆనించి నిలబడ్డట్టు.

అప్పుడు మార్కెటింగ్ వాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. సీజన్ కానుకగా ప్రతి పెట్టెలో ఒక టోపీ, ఒక స్టిక్కర్, ఒక పాత రష్యన్ సైన్యం ఇనుప మ్యాగజైన్ ఉచితం. మా లీడ్ ఆ మూడింటినీ "కానుకలు" అనే జాబితాలో ఎక్కించి ఓకే నొక్కాడు. నా సాఫ్ట్‌వేర్ రైఫిల్ భాగాల జాబితానే చూస్తుంది, కానుకల వైపు చూడదు. తెర పచ్చగానే ఉంది. కొన్నవాడు ఇంటికెళ్లి పెట్టె విప్పి, ఊరికే వచ్చిన ఆ ఇనుప మ్యాగజైన్ రైఫిల్‌కి తగిలించాడంటే పది కాస్తా పదమూడవుతుంది. ఒక్క టక్కుతో, వాడికి తెలియకుండానే వాడు నేరస్తుడు. మ్యాగజైన్ తగిలించడం బిగించడం కిందికి వస్తుందా రాదా అని వకీళ్లు ఇప్పటికీ వాదించుకుంటారని విన్నాను. మా కంపెనీ మాత్రం వస్తుందనే నమ్మేది, లేకపోతే నన్నెందుకు పెట్టుకుంటారు?

బుధవారం పొద్దున నేనది గమనించాను. వెంటనే లీడ్‌కి మెయిల్ రాశాను. ఇక్కడే, పిల్లలూ, నా తప్పు కూడా ఉంది. ఎవరూ నన్ను అడగలేదు గానీ నేనే చెప్తున్నాను.

ప్రతి బుధవారం నేను అతనికి "పరిశీలనలు" అని ఒక మెయిల్ పంపేవాణ్ణి. వారమంతా కనబడిన లోపాలు, కనబడిన క్రమంలో, అంకెలు వేసి. ఆ వారానిది పదకొండు అంశాలు. మొదటిది, ఫ్రిజ్‌లో నా పెరుగు డబ్బా మీద ఎవరో చేపల కూర డబ్బా పెడుతున్నారని. రెండోది పార్కింగ్. మూడోది నా కుర్చీ చక్రం, అది అప్పటికి ఎనిమిది నెలలుగా విరిగి ఉంది. అలా వరసగా పోగా రష్యన్ మ్యాగజైన్ తొమ్మిదో అంశమైంది. అన్నీ నిజాలే, కాబట్టి అన్నీ సమానమే అనుకున్నాను. పెరుగూ నేరమూ ఒకే సైజు అక్షరాల్లో రాశాను. మీరలా చేయకండి. మంట లాంటి సంగతి పైవరసలో రాయండి, కుర్చీ చక్రం సంగతి కిందెక్కడైనా రాయొచ్చు.

సాయంత్రానికి జవాబొచ్చింది. "నోటెడ్ అన్నా. థ్యాంక్స్." అంతే. గురువారం పొద్దున చూస్తే ఫ్రిజ్ మీద కొత్త కాగితం అంటించి ఉంది: "ఇతరుల డబ్బాల మీద మీ డబ్బాలు పెట్టవద్దు." అంటే మెయిల్ తెరిచాడు. ఒకటో అంశం చదివాడు. అక్కడి నుంచి ఎంతవరకు వెళ్లాడన్నది నేను పన్నెండేళ్లకు పైగా అడుగుతున్న ప్రశ్న.

శుక్రవారం మధ్యాహ్నం రెండుకి ట్రక్కు వచ్చింది. పెట్టెలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి, నూట అరవై. నా సీట్లోంచి గోడౌన్ కెమెరా తెర కనబడుతుంది. పెట్టెల మీద టోపీ, స్టిక్కర్, మ్యాగజైన్ బొమ్మలున్న కానుక కాగితం అలాగే ఉంది. ఏదీ మారలేదు. నేను లేచి లీడ్ గది దగ్గరకెళ్లాను. అద్దం తలుపు, లోపల అతను ఫోన్ మీటింగులో ఉన్నాడు. తలుపు తట్టాను. అతను ఒక వేలు చూపించాడు, ఒక నిమిషమని. నిలబడ్డాను. మళ్లీ తట్టాను. మళ్లీ వేలు. పదిహేను నిమిషాలు ఆ వేలు చూశాక గోడౌన్‌కి నడిచాను.

గీత దగ్గర ఆగి మెకానిక్‌ని కేకేశాను. "ట్రక్కు ఆపండి. పెట్టెలో ఉన్న రష్యన్ మ్యాగజైన్ లెక్క తప్పిస్తుంది."

అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏం తప్పింది?"

"లెక్క! పది దాటుతుంది!"

"నీ తెర పచ్చగానే ఉంది కదా, ప్రొఫెసర్. నేను చూసే పంపుతున్నా."

"తెర కానుకను లెక్కపెట్టదు!"

"అయితే అది తెర రాసినవాడి తప్పు" అని అటు తిరిగాడు. లోడింగ్ మొదలైంది. మొదటి దొంతర ట్రక్కులోకి వెళ్లింది.

నా పర్సులో లైసెన్స్ ఉంది. గీత దాటాను. ఆరేళ్లలో మొదటిసారి. విప్పి ఉన్న పెట్టె ఒకటి అతని బల్ల మీద ఉంది, చివరి తనిఖీకి. రైఫిల్ తీసుకున్నాను. అనుకున్న దానికంటే బరువు. తరగతిలో నేర్పినట్టు గొట్టం నేలకేసి పట్టి, లోపల ఖాళీ అని చూసుకుని, లోపలి కానుక పొట్లం చింపి ఇనుప మ్యాగజైన్ తీసి తగిలించాను. ముందు కొక్కెం పట్టలేదు, రెండోసారికి టక్కుమని కూర్చుంది. దాన్ని అతని ముందు బల్ల మీద పెట్టి, "ఇప్పుడు లెక్కపెట్టండి" అన్నాను.

అతను నా మొహం చూశాడు, రైఫిల్ చూశాడు. తర్వాత వేలితో తడుముతూ ఒక్కో భాగమూ లెక్కపెట్టాడు, పెదాలు కదుపుతూ. పది దగ్గర ఆగాడు. మ్యాగజైన్ మీద వేలు పెట్టి, పదకొండు, పన్నెండు, పదమూడు. ఆ తర్వాత అన్న మాట ఈ పత్రికలో వేయరు. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని గోడౌన్ దద్దరిల్లేలా ఈల వేశాడు. ట్రక్కు ఆగింది. ఎక్కించిన దొంతర దింపారు.

ఈలకు మా లీడ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేసినవన్నా?"

"ట్రక్కు ఆపాను."

"నాకు చెప్పాలె గద!"

"బుధవారం చెప్పాను. తొమ్మిదో అంశం."

అతను నా వైపు చూడలేదు. బల్ల మీది రైఫిల్ వైపు చూశాడు, తర్వాత చింపిన కానుక పొట్లం వైపు. మీటింగుల్లో అంత మాట్లాడే మనిషి, "సరే, సోమవారం చూద్దాం" అని వెళ్లిపోయాడు.

సోమవారం నూట అరవై పెట్టెలూ విప్పి రష్యన్ మ్యాగజైన్లు తీసేసి కాఫీ కప్పులు పెట్టారు. అందరికీ ఒక మెయిల్ వచ్చింది, మా లీడ్ జాగ్రత్త వల్ల ఒక పెద్ద పొరపాటు తప్పిందని. కేకు కూడా కోశారు. అందులో గుడ్డుంది.

మంగళవారం హెచ్చార్ ఆవిడ పిలిచింది. లీడ్ పక్కనే కూర్చున్నాడు. ఆవిడ కాగితం నా ముందుకు జరిపింది. నేను అనుమతి లేకుండా గీత దాటానని, ఆయుధం చేతబట్టానని, పది దాటిన విదేశీ భాగాలతో రైఫిల్ బిగించానని.

"నా లైసెన్స్ కాపీ మీకిచ్చాను" అన్నాను.

"అది చట్టానికి. మా పాలసీ ఇంకా మారలేదు."

"మార్చమని మూడుసార్లు అడిగాను. సరే, బిగించడం సంగతేమిటి? నేను చూపించడానికి తగిలించాను. నిమిషం కూడా లేదు."

"చట్టంలో నిమిషం అని లేదు కదా?" అంది ఆవిడ, మర్యాదగానే. "పెట్టెల్లో అవి విడివిడిగా ఉన్నాయి. ఈ కంపెనీలో దాన్ని నిజంగా బిగించిన మనిషి మీరొక్కరే."

నేను లీడ్ వైపు చూశాను. అతను కలం తీసి మేనేజర్ సంతకం దగ్గర సంతకం పెట్టాడు.

ఈ మాట విని మెకానిక్ కడుపు పట్టుకుని నవ్వాడు. "ప్రొఫెసర్, నువ్వొచ్చి లెక్క సరిచేసేదాకా ఇక్కడ ఒక్క దొంగ రైఫిల్ కూడా లేదు!" నాకప్పుడు నవ్వు రాలేదు. ఇప్పుడు అప్పుడప్పుడు వస్తుంది, ఎవరూ లేనప్పుడు. న్యాయంగా చెప్పాలంటే హెచ్చార్ ఆవిడ వాదంలో తప్పు పట్టడం కష్టం. చాలాసార్లు ప్రయత్నించాను.

ఆ లెటర్ ఫైల్లో ఉండగా గ్రీన్‌కార్డు కాగితాలు ముందుకు కదలవని కంపెనీ చెప్పింది. ఆరు నెలలు చూసి వేరే కంపెనీకి మారాను. అక్కడ మళ్లీ మొదటి నుంచి. కార్డు చేతికొచ్చేసరికి జుట్టు పూర్తిగా తెల్లబడింది. అదీ దాటాను. ఇప్పుడు సిటిజన్‌షిప్. మా ఆవిడ నాతోపాటే ఫారం మొదలుపెట్టి, ప్రమాణం చేసి, మొన్న ఓటు కూడా వేసొచ్చింది. ఓటేసినందుకు ఇచ్చిన స్టిక్కర్ ఫ్రిజ్‌కి అంటించింది. నేను ఒక ప్రశ్న దగ్గర ఆగాను. అరెస్టు కాకపోయినా సరే, ఎప్పుడైనా నేరం చేశారా అని అడుగుతారు. అవును, కాదు. రెండే గడులు.

మా లాయరు ఇక్కడ పుట్టిపెరిగిన తెలుగమ్మాయి. "అంకుల్, జస్ట్ నో పెట్టండి. ఎవరూ చూడరు" అంది.

"చూడరని నో పెట్టాలా అమ్మా?"

"నో నో, అది క్రైమ్ కాదు అంకుల్." కొంచెం ఆగి, "ప్రాబబ్లీ" అంది.

"ప్రాబబ్లీ అనే గడి ఫారంలో లేదు కదమ్మా."

ఆ అమ్మాయి నిట్టూర్చి దారి చెప్పింది. ఆ రోజు సంతకం పెట్టిన మేనేజర్, జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాసి సంతకం చేసిస్తే చాలు. అది జతచేసి "కాదు" అని నిశ్చింతగా పెట్టొచ్చట. కంపెనీని కొన్నవాళ్లకు రాశాను. "ఆ విషయం ముగిసింది" అని జవాబు. ఎవరు ముగించారో చెప్పలేదు. మెకానిక్ చనిపోయాడని అతని కూతురు రాసింది.

మిగిలింది ఆ లీడ్. మా ఇంటికి పావుగంట దూరంలోనే ఉంటాడు. రెండు పెళ్లిళ్లలో, ఒక గృహప్రవేశంలో కనబడ్డాడు. పోయినసారి ప్లేటు పట్టుకుని, "అన్నా, గా పాత ముచ్చట ఇంకా ఇడిచిపెట్టలేదా?" అని నవ్వాడు. అతనికది పాత ముచ్చటే. మెయిళ్లు ఆరు పంపాను. నోటెడ్ అని కూడా రాలేదు.

కాబట్టి నాయనా, పదిమంది ముందే అడుగుతున్నాను, నువ్వు నన్ను పదిమంది ముందే నవ్వులపాలు చేశావు గనక. ఆ బుధవారం నా మెయిల్ చివరిదాకా చదవలేదంటే, చదవలేదని రాయి. తప్పు సగం నాది కూడా, పైనే ఒప్పుకున్నాను. చదివి, కానుక జాబితా మీద నువ్వే ఓకే నొక్కావు గనక ఊరుకున్నావంటే, అదీ రాయి. నీ మీద నేను ఏ కోర్టుకూ పోను, నీ ఉద్యోగానికి ఏమీ కాదు, ఆ కంపెనీయే లేదు. ట్రక్కు ఎందుకు ఆగిందో, ఎవరు ఆపారో, ఆ రైఫిల్ నేను ఎందుకు చేతిలోకి తీసుకున్నానో నీకు తెలుసు. ఒక్క పేజీ చాలు. నా అడ్రసు మారలేదు, ఫోన్ నంబరు మారలేదు. నేను చేసింది నేరమని నమ్మే ఆ సంతకం పెట్టి ఉంటే, నేరమనే మళ్లీ రాసివ్వు, "అవును" గడిలో టిక్కు పెట్టి పంపేస్తాను. కాదని నీకు తెలిసే పెట్టి ఉంటే, కాదని రాయి. ఏదో ఒకటి, నీ సంతకంతో, ఈ నెలాఖరులోగా చెప్పు.